ముందు ఏది అయిపోవాలి?
(పొగబండి నిప్పు, నీళ్ళ కథ)

కిందటి దసరాకు మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టినప్పుడు, మూడో మెట్టు మీద కొండపల్లి ఏనుగు అంబారీ పక్కన ఒక చిన్న రైలింజన్ను కూడా నిలబెట్టాం. మూరెడు పొడవు కూడా ఉండదు. చూడడానికి బొమ్మే గాని, అది నిజమైన ఆవిరితో నడుస్తుంది. పేరంటానికి వచ్చిన పిల్లలు సీతారాముల్నీ దశావతారాల్నీ వదిలిపెట్టి దాని చుట్టూ మూగారు. ఇక తప్పదని పెరట్లో గుండ్రంగా పట్టాలు పరిచి, ఇంజన్ను దించి, డబ్బాలో దాచిన నీళ్ళు కొలిచి పోస్తూంటే ఒక పదేళ్ళ పాప అడిగింది: "అంకుల్, పంపు నీళ్ళు పోస్తే నడవదా?"

"నడుస్తుందమ్మా, కాని..." అని మొదలుపెట్టాను. ఆ "కాని" తరువాతి సంగతి ఎంతకీ తేలలేదు. ఈలోగా వాళ్ళమ్మ తాంబూలం పుచ్చుకుని "ఇక వెళదామే" అని కేక వేసింది. పాప సగం జవాబుతో వెళ్ళిపోయింది. అక్కడే ఉండి విన్న మన సంచిక సంపాదకులు, "ఆ మిగతా సగం మాకు వ్రాసి ఇవ్వండి" అన్నారు. వ్రాయడానికి కూర్చున్నాక అర్థమైంది, ఆ పాప అడిగిన ప్రశ్న చిన్నది కాదని. మన మస్కట్ రేవు ముందు ఒకప్పుడు యుద్ధనౌకలు ఫిరంగులు గురిపెట్టి నిలబడ్డది కూడా ఇంచుమించు అలాంటి ప్రశ్న మీదనే.

ముందుగా యంత్రం సంగతి రెండు మాటల్లో చెప్పుకుందాం. ఆవిరి ఇంజనుకు ఆకలి ఒకటి, దాహం ఒకటి. నీళ్ళను మరిగే దాకా కాచడం పెద్ద పని కాదు. మరిగిన నీళ్ళను ఆవిరిగా మార్చడమే పెద్ద పని. మామూలు వేడిలో ఉన్న లీటరు నీటిని మరిగే స్థితికి తేవడానికి ఎంత వేడి కావాలో, ఆ మరిగిన నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి దానికి ఏడు రెట్లకు పైగా కావాలి. అలా పుట్టిన ఆవిరి మొదటి నీటికంటే పదహారు వందల రెట్లకు పైగా చోటు కోరుతుంది. ఆ చోటు దొరక్క అది ముషలకాన్ని నెడుతుంది, చక్రం తిరుగుతుంది. మంచి బొగ్గు ఒక కిలో కాలిస్తే పెద్ద ఇంజనులో సుమారు ఆరేడు లీటర్ల నీరు ఆవిరవుతుంది. అంటే కడుపు నిండా తిన్నా, దానికి ఎన్నో రెట్లు తాగితే గాని నడవని ప్రాణి ఇది.

ఇక్కడే అసలు చిక్కు. తిండి, నీళ్ళు రెండూ ఒకేసారి అయిపోవు. ఏది ముందు అయిపోతే అక్కడ ఆగాలి. ఎక్కడ ఆగాలో అక్కడ ఒక ఊరో, ఒక రేవో, ఒక షెడ్డో వెలిసింది. ఆవిరి యుగపు పటం మీద కనిపించే చుక్కలు చాలా వరకు ఇలా ఆగిన చోట్లే.

సముద్రం మీద ముందు అయిపోయేది బొగ్గు. నీళ్ళకేం కొరత, చుట్టూ సముద్రమే! తొలినాటి పొగ ఓడల బాయిలర్లలో ఒత్తిడి చాలా తక్కువ. వాటిలో సముద్రపు నీటినే పోసేవారు. లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉన్న నీళ్ళు మరి, మరిగేకొద్దీ చిక్కబడతాయి. అందుకని కొన్ని గంటలకొకసారి కొంత ఉప్పునీటిని బయటికి వదిలి కొత్త నీరు నింపేవారు. ఉప్పుతోపాటు ఎంతో వేడి కూడా సముద్రంలో కలిసిపోయేది. ఆ వేడికి మళ్ళీ బొగ్గు తగలేయాలి. పాడు నీళ్ళకు సుంకం బొగ్గు రూపంలో కట్టినట్టు!

బొంబాయిలో వాడియా వంశంవారు కట్టిన హ్యూ లిండ్సే అనే 411 టన్నుల పొగ ఓడ కథ దీనికి మంచి సాక్ష్యం. 1830 మార్చి 20న అది బొంబాయి నుంచి సూయజ్‌కు బయలుదేరింది. అయిదున్నర రోజులకు సరిపడే బొగ్గు పట్టేటట్టు కట్టిన ఓడ అది. తొలి మజిలీ అయిన ఏడెన్ అంతకంటే ఎంతో దూరం. కెప్టెన్ జాన్ విల్సన్ ఏం చేశాడంటే, ఖాళీ ఉన్న చోటల్లా బొగ్గు కుక్కించాడు. ఓడ రెండడుగుల మేర ఎక్కువగా నీట మునిగింది. 11 రోజులకు ఏడెన్ చేరేసరికి మిగిలిన బొగ్గు కొన్ని గంటలకు మాత్రమే సరిపడేది. ఏప్రిల్ 22న సూయజ్ చేరింది. అది కూడా దారిలో రేవుల వద్ద ముందే పంపి నిలవ చేసిన బొగ్గు పుణ్యమే. తొమ్మిదేళ్ళ తరువాత 1839 జనవరిలో ఈస్టిండియా కంపెనీ ఏడెన్‌ను ఆక్రమించుకున్న కారణాల్లో బొగ్గు గుట్ట పెట్టుకోవడానికి ఒక చోటు కావాలన్నది ముఖ్యమైనది.

మన మస్కట్‌కు బొంబాయి నుంచి క్రమం తప్పని పొగ ఓడలు 1862లో మొదలయ్యాయి. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారు తపాలా కాంట్రాక్టు పుచ్చుకుని కరాచీ, మస్కట్, బందర్ అబ్బాస్, బుషైర్‌ల మీదుగా బస్రా దాకా నడిపారు. మొదట ఆరు వారాలకొకటి, ఆ తరువాత పన్నెండేళ్ళలో వారానికొకటి. మనలో పెద్దవాళ్ళకు ఈ పేరు కొత్త కాదు. డెబ్బయ్యో దశకంలో బొంబాయి దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి ద్వారకా వంటి ఓడల్లో గల్ఫు చేరినవారు ఇప్పటికీ ఆ ప్రయాణపు వాంతుల గురించి కథలు చెబుతారు. ఆ ఓడలు డీజిలుతో నడిచేవి. 1982లో ద్వారకాతో ఆ వరుస ముగిసింది. బొగ్గుతో మొదలైన దారి అది.

ఆ బొగ్గు ఇక్కడ ఎక్కడ నిలవ ఉండేది? మస్కట్ రేవులోనే మకల్లా అనే చిన్న ఖాడీ ఉంది. బ్రిటిష్‌వారి బొగ్గు గిడ్డంగి అక్కడ. చుట్టూ నల్లటి కొండలు, మధ్యలో నల్లటి గుట్టలు. గొడవ దీనితో మొదలైంది. ఫ్రెంచివారికి కూడా ఈ సముద్రంలో ఓడలున్నాయి, వారికీ బొగ్గు కావాలి. 1898 మార్చిలో సుల్తాన్ ఫైసల్ బిన్ తుర్కీ ఫ్రెంచివారికి, మస్కట్‌కు ఆగ్నేయంగా అయిదారు మైళ్ళలో ఉన్న బందర్ జిస్సాలో బొగ్గు నిలవ చేసుకునే హక్కు ఇచ్చారు. ఆ సంగతి అదే సంవత్సరం నవంబరులో ఒక ఫ్రెంచి పత్రికలో వచ్చేదాకా బయటికి పొక్కలేదు.

పొక్కిన తరువాత ఇక చూడాలి! బ్రిటిష్‌వారి చేతిలో 1891 నాటి హామీ పత్రం ఉంది. సుల్తాను తన భూభాగంలో దేన్నీ బ్రిటిష్‌వారికి తప్ప మరెవరికీ ధారాదత్తం చేయరని అందులో ఉంది. ఫ్రెంచివారి చేతిలో 1862 నాటి మరో పత్రం ఉంది. మస్కట్ స్వాతంత్ర్యాన్ని ఇరుదేశాలూ గౌరవిస్తామని ఇంగ్లండు, ఫ్రాన్సు కలిసి చేసిన ప్రకటన అది. ఒకరికి బొగ్గు గుట్ట ఉండగా మరొకరికి ఎందుకు ఉండకూడదన్నది ఫ్రెంచివారి వాదన. నాకైతే వాదన వరకు వారిదే సబబు అనిపిస్తుంది. కాని వాదనకూ ఫిరంగికీ పోటీ పెడితే ఏం జరుగుతుందో మనకు తెలిసిందే. అప్పుడే వైస్రాయి పదవిలోకి వచ్చిన కర్జన్ ప్రభువు పట్టుపట్టాడు. 1899 ఫిబ్రవరి 16న అడ్మిరల్ డగ్లస్ ఎక్లిప్స్ అనే యుద్ధనౌకను రేవులో నిలిపి, సుల్తాను స్వయంగా ఓడ మీదికి రావాలని, రాకపోతే రాజప్రాసాదం మీద ఫిరంగులు పేలుస్తామని కబురు పంపాడు. సుల్తాను వెళ్ళక తప్పలేదు. జిస్సా ఒప్పందం రద్దయింది.

అయితే లండనులో ఉన్న పెద్దలకు ఈ దుడుకుతనం అంతగా రుచించలేదు. ఫ్రాన్సుతో మాటలు సాగి, 1900లో మధ్యేమార్గం కుదిరింది. మకల్లా ఖాడీలోని బ్రిటిష్ గిడ్డంగిలోనే ఫ్రెంచివారికి కూడా కొంత చోటు ఇచ్చారు. ఇద్దరి బొగ్గూ పక్కపక్కనే! ఈ పంపకం ఏదో ముందే చేసి ఉంటే సరిపోయేది గదా అని ఈనాడు మనకనిపిస్తుంది. అంతటితో ఆగలేదు. సూర్ ప్రాంతంలో బొగ్గు పొరలున్నాయని తెలిసి, 1902లో సుల్తాను వద్ద దాని గురించి కూడా బ్రిటిష్‌వారు ఒక హామీ వ్రాయించుకున్నారు. తమను అడగకుండా మరొకరికి ఇవ్వకూడదని దాని సారాంశం. ఇవాళ బర్ అల్ జిస్సా అంటే మనకు అక్కడి పెద్ద హోటళ్ళు, సెలవు రోజున పిల్లలతో పోయే సముద్ర తీరం. ఈసారి వెళ్ళినప్పుడు ఆ ఖాడీ వైపు ఒకసారి చూడండి. రాక్షసి బొగ్గు అని మనవాళ్ళు ఊరికే పేరు పెట్టలేదు.

తరువాత పదిహేనేళ్ళలో బ్రిటిష్ నౌకాదళం బొగ్గు వదిలి నూనెకు మారడం మొదలుపెట్టింది. 1908లో పర్షియాలో నూనె పడింది. ఒమాన్ నుంచి మొదటి ముడి నూనె 1967 జూలైలో మీనా అల్ ఫహల్ నుంచి ఓడకెక్కింది. అప్పటికి ఆవిరి రాజ్యం అస్తమించే దశలో ఉంది. రైలు మార్గం మాత్రం ఈ దేశంలో ఆవిరి కాలమంతా పడలేదు. ఇప్పుడు సోహార్ నుంచి అబూదాబీకి హఫీత్ రైలు పేరిట వేస్తున్నారు. ఒమాన్ పొగబండిని చూడకుండానే ఆ యుగం దాటేసింది. పొగ ఓడ మాత్రం గుమ్మంలోకి వచ్చి పేచీ పెట్టింది.

ఇక నేల మీదికి, మన ఊళ్ళ వైపు వద్దాం. నేల మీద లెక్క తలకిందులు. పెద్ద ఇంజను వెనక టెండర్లో పదిహేను టన్నులకు పైగా బొగ్గు, ఇరవై వేల లీటర్లకు పైగా నీరు పట్టేవి. ఎక్కువేనని అనిపిస్తుంది. ముందు చెప్పిన ఆరేడు రెట్ల లెక్క వేసి చూడండి. ఆ బొగ్గంతా కాలాలంటే లక్ష లీటర్ల నీరు కావాలి. అంటే టెండరు నీళ్ళు అయిపోయేసరికి బొగ్గు ఇంచుమించు అయిదో వంతే కాలుతుంది. రైలింజనుకు ముందు అయిపోయేది నీరు. పాత స్టేషన్లలో ప్లాట్‌ఫారం చివర ఏనుగు తొండంలా వంగి నిలబడ్డ ఇనుప గొట్టాలు గుర్తున్నాయా? వాటి కోసమే ఎన్నో బళ్ళు ఎన్నో చోట్ల ఆగేవి. మనం దిగి ఇడ్లీలు కొనుక్కునేది ఆ దాహం చలవే.

బొగ్గు మాట కూడా చెప్పాలి. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు మద్రాసు రైల్వే బండి నడిచిన తరువాత, చాలాకాలం ఆ లైన్లలో ఇంజన్లు కట్టెలు తినే నడిచాయి. ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చే బొగ్గు ఖరీదు భరించలేనిది. కోస్తాలో మనం చూసే సరుగుడు తోటలు విస్తరించడానికి తొలి కారణాల్లో ఈ రైలు కట్టెలు ఒకటి. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో, సింగరేణి అనే పల్లె దగ్గర బొగ్గు పొర చూశాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వే హక్కు దక్కింది. 1889 నాటికి నిజాం రైలు బెజవాడను అందుకుంది, బొగ్గు కదిలింది. సింగరేణి పేరుతో కంపెనీ 1920లో ఏర్పడింది. పేరు మిగిలిన ఆ పల్లె మాత్రం పల్లెగానే మిగిలింది.

సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ. తరచు నూటికి ముప్పై పాళ్ళ దాకా ఉంటుంది. ఆ రోజుల్లో ప్రపంచమంతా మెచ్చిన వేల్స్ బొగ్గులో నూటికి అయిదు పాళ్ళ పైచిలుకే. కాబట్టి మన ఫైర్‌మన్‌కు నిప్పు వేయడంతోపాటు చిట్టెం తీయడం కూడా సగం ఉద్యోగం. ఈ మాట పుస్తకంలో చదివింది కాదు. మా నాయన కాజీపేట షెడ్డులో ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా పనిచేశాడు. ఆయన చేతుల మీద కాలిన మచ్చలు మాకు చిన్నప్పుడు పటంలా కనిపించేవి.

నాయన బొగ్గును తిట్టేవాడు గాని భయపడేది మాత్రం నీళ్ళకు. తెలంగాణ బావి నీళ్ళలో సున్నం ఎక్కువని మన ఇళ్ళలో అన్నం గిన్నెలకూ తెలుసు. ఆ నీళ్ళు రోజూ వేల లీటర్లు మరిగితే ఆవిరి పైకి పోతుంది, సున్నం లోపలే పొరగా పేరుకుంటుంది. వేడిని ప్రసరింపజేసే విషయంలో ఆ పొరకు రాగికున్న శక్తిలో నూరో వంతు కూడా లేదు. అంటే నిప్పు ఇటు, నీరు అటు, మధ్యలో దుప్పటి కప్పినట్టు. ఇనుము కందుతుంది, నీరు మాత్రం వేడెక్కదు. అందుకే నీళ్ళలో సోడా కలపడం, వేళ ప్రకారం బాయిలరును చల్లార్చి గొట్టాలు కడగడం జరిగేది. దాన్ని వాషౌట్ అనేవారు. నీరు తగ్గి బాయిలరు లోపలి నిప్పుగూటి నెత్తి బయటపడితే కరిగిపోయి నిప్పు మీద ఆవిరి చిమ్మే సీసపు బిరడా ఒకటి ఉండేది. "లెడ్ ప్లగ్గు కరిగిందంటే ఫైర్‌మన్ కొలువు సుత కరిగినట్టే" అని నాయన నవ్వేవాడు. చిత్తరంజన్‌లో ఆఖరి ఆవిరి ఇంజను 1972లో తయారైంది. పెద్ద లైను మీద ఆఖరి ఆవిరి బండి 1995 డిసెంబరు 6న జలంధర్-ఫిరోజ్‌పూర్ మధ్య నడిచింది. నాయన అంతకుముందే డీజిలు మీదికి మారాడు. డీజిలు గురించి ఆయన ఒక్క కథ కూడా చెప్పగా నేను వినలేదు.

ఇప్పుడు మా కొలువు ఇంజను దగ్గరికి. ఇంత చిన్నదానికి ఏ తిండి పెట్టాలన్న తగవు నూరేళ్ళ కిందటిదే. 1898లో, అంటే సరిగ్గా జిస్సా ఒప్పందం నాడే, లండనులో మోడల్ ఇంజనీర్ అనే పత్రిక మొదలైంది. చిన్న ఇంజన్లలో బొగ్గు మండదు, స్పిరిటు దీపమే గతి అని అందులో పెద్దల మాట చాలాకాలం చెల్లింది. 1920 ప్రాంతాల్లో ఎల్.బి.ఎస్.సి. అనే కలం పేరుతో వ్రాసిన ఒక పాత రైల్వే ఉద్యోగి ఆ మాట ఒప్పుకోలేదు. రెండున్నర అంగుళాల పట్టాల మీద నడిచే తన ఆయేషా అనే ఇంజనులో నిజమైన బొగ్గు మండించి, మనుషుల్ని కూర్చోబెట్టి లాగించాడు. రహస్యం పెద్దదేం కాదు. పెద్ద ఇంజను బాయిలరు ఎలా ఉంటుందో అలాగే చిన్నదీ కట్టాడు, పొగగొట్టం ఊపిరి సరిగ్గా కుదిర్చాడు. ఆ తగవును బాయిలర్ల యుద్ధం అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మస్కట్‌లో ఇలాంటి సరదా ఉన్నవారికి నా అనుభవం మీద ఇంధనం సంగతి చెబుతాను. మనిషి ఎక్కి తోలే అయిదంగుళాల పట్టాల ఇంజన్లకు రాక్షసి బొగ్గే మేలు. కాని దానికి వేల్స్ బొగ్గు వంటిది కావాలి, పొగ తక్కువ, మంట నిలకడ. ఆ బొగ్గుకు చివరి దిక్కుగా ఉన్న ఫోస్-ఇ-ఫ్రాన్ గని 2023 నవంబరులో మూతపడింది. బొగ్గు నుసిని అదిమి చేసిన ముద్దలతో ఇంగ్లండు వారే సర్దుకుంటున్నారు. ఇక్కడ ధూపానికీ మాంసం కాల్చడానికీ దొరికే కట్టెబొగ్గు నిప్పు రాజెయ్యడానికి బాగా పనికొస్తుంది. అయితే తేలిక సరుకు, పిడికెడు వేస్తే నిమిషంలో బూడిద. స్పిరిటు మంట ఎండలో కంటికి కనిపించదు. ఒలికితే పట్టాల వెంట నిప్పు పరుగెత్తేదాకా తెలియదు. పిల్లలు తిరిగే పెరట్లో నేనది ముట్టించను.

మా ఇంజనుకు బ్యూటేన్ గ్యాసు. మూడు వందల మిల్లీలీటర్ల నీరు పట్టే బాయిలరు, నలభై గ్రాముల గ్యాసు పట్టే చిన్న తొట్టి. చలి దేశాల వాళ్ళ పుస్తకాల్లో, గ్యాసు బాగా రావడానికి తొట్టి చుట్టూ గోరువెచ్చని నీళ్ళు పోయమని వ్రాసి ఉంటుంది. మనకు ఆ బాధ లేదు, మన బాధ దానికి వ్యతిరేకం. ఇరవై డిగ్రీల దగ్గర ఉన్న బ్యూటేను ఒత్తిడి మన వేసవి నలభై అయిదులో రెట్టింపవుతుంది. అందుచేత ప్రొపేను ఎక్కువగా కలిసిన గ్యాసును తొట్టిలోకి ఎక్కించకూడదు, దాని ఒత్తిడి ఇంకా ఎన్నో రెట్లు. గ్యాసు డబ్బాను ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. మే నుంచి సెప్టెంబరు దాకా మా ఇంజను అలమరాలో నిద్రపోతుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఆ తొట్టిని కావాలనే చిన్నదిగా కట్టారు. పెద్ద ఇంజనులో నీళ్ళు ముందు అయిపోతే చూడడానికి ఫైర్‌మన్ ఉన్నాడు. దీనికి లేడు. కనుక ఇక్కడ నీళ్ళకంటే ముందు నిప్పు అయిపోవాలి. గ్యాసు ఆరేసరికి బాయిలరులో ఇంకా కొంత నీరు మిగిలి ఉండాలి. ఈ చిన్న జాగ్రత్త మీదే మొత్తం బొమ్మ ప్రాణం ఉంది. ఒకసారి నేను దాన్ని పోగొట్టబోయాను.

2009 శీతకాలం. నాయన మా దగ్గరికి రెండు నెలలు ఉండడానికి వచ్చాడు. అప్పటికి నేను ఇంజను కొని ఏడాదిన్నర. సెలవు రోజున వాదీలకు పోయినప్పుడల్లా తీసుకుపోయి, అక్కడ దొరికిన బావి నీళ్ళే పోసి ఆడించేవాణ్ణి. ఆ కొండల్లోంచి వచ్చే నీళ్ళు తాగడానికి తియ్యగా ఉంటాయి, వాటి సున్నం నాలుకకు తెలియదు. ఆ రోజు చెట్టుకింద పట్టాలు వేసి రెండోసారి గ్యాసు నింపాను. నీటి అద్దంలో సగం దాకా నీళ్ళు కనిపిస్తున్నాయి, ఇంకా ఉన్నాయిలే అని పోయలేదు. బండి చక్కగా తిరుగుతోంది. నాయన కుర్చీలోంచి వంగి చూస్తూ ఒక్కసారి అన్నాడు:

"నిప్పు ఆపు. ముందుగాల నిప్పు ఆపు బిడ్డా."

"నీళ్ళున్నయి గద నాయనా, సగం దాక."

"ఉన్నయి గని కదుల్తలేవు. బండి ఉరుకుతుంటె అద్దంల నీళ్ళు ఆడాలె. అవి సచ్చిన నీళ్ళు."

గ్యాసు కట్టేశాను. చల్లారాక ఒంపి చూస్తే చెంచాడు నీళ్ళు. అద్దం కింది సన్నటి దారి సున్నంతో పూడిపోయింది. ఎప్పటిదో నీరు అందులో చిక్కుకుని నాకు అబద్ధం చెబుతోంది. ఇంకో మూడు నిమిషాలు నడిస్తే బాయిలరు కాలి అతుకులు ఊడేవి. పక్కనే నా కొడుకు కూర్చుని ఉన్నాడు, అప్పటికి వాడికి ఏడేళ్ళు. నాయన నన్నేమీ అనలేదు. ఇంటికి వచ్చాక గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి బాయిలరులో పోసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పదిసార్లు కడిగాడు. మొదటి కడుగు మజ్జిగలా తెల్లగా వచ్చింది. "వాషౌట్ అయింది" అని చేతులు తుడుచుకున్నాడు. రిటైరైన తరువాత ఆయన ముఖంలో అంత తృప్తి నేను మళ్ళీ చూడలేదు.

అప్పటినుంచి నీళ్ళ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. ఇంతకీ పాపకు చెప్పలేకపోయిన జవాబు ఇది. మస్కట్ పంపులో వచ్చేది చాలా వరకు సముద్రపు నీరే. 1976లో ఘుబ్రాలో మొదటి ప్లాంటు పెట్టి సముద్రాన్ని మరిగించి మంచినీరు తీయడం మొదలుపెట్టారు, తరువాత బర్కా, సోహార్, ఖురయ్యాత్‌లలో వచ్చాయి. ఇప్పుడు మరిగించే బదులు పొరల గుండా ఒత్తి తీయడమే ఎక్కువ. అలా తీసిన నీరు మరీ ఒట్టిది. గొట్టాలను తినేస్తుంది, తాగడానికీ రుచించదు. అందుకని సున్నపురాయి వంటివి తగిలించి కొంత ఖనిజం తిరిగి కలుపుతారు. మనిషికి మేలు చేసే ఆ చిటికెడే బాయిలరుకు చేటు. వాదీ నీళ్ళకంటే నయమే గాని రోజూ పోయదగింది కాదు. సీసాల్లో అమ్మే మినరల్ వాటరు పేరులోనే ఉంది గదా, వద్దు. బ్యాటరీలో పోసే శుద్ధ జలం మంచిది. అందులోనూ రసాయనంతో లవణాలు తీసిన రకం ఇత్తడి భాగాల్లోంచి తుత్తునాగాన్ని కొద్దికొద్దిగా లాగేస్తుందని కొందరంటారు. అందుకని ఆ రకం వాడితే గరిటెడు పంపు నీరు కలుపుతాను. బట్టి పట్టిన డిస్టిల్డ్ వాటరు దొరికితే దాన్ని అలాగే వాడవచ్చు.

నేను నిజంగా వాడేది మరొకటి. అది డబ్బు పెట్టి కొనేది కాదు. మన ఇళ్ళలో ఏసీ గొట్టంలోంచి బొట్టు బొట్టుగా కారిపోయే నీరు. ఆగస్టులో ఉక్కపోసే రోజున మా హాలు ఏసీ పూటకొక బకెట్టు నింపుతుంది. గాలిలోని ఆవిరి చల్లటి రాగి గొట్టాల మీద నీరై దిగుతుంది, అంటే వానే. ఎత్తు ఒత్తిడి బాయిలర్లు వచ్చాక సముద్రపు నీరు పనికిరాక, పొగ ఓడలు వాడిన ఆవిరిని చల్లార్చి మళ్ళీ అదే నీటిని బాయిలరుకు పంపుకునేవి. అలాంటి యంత్రం ఇప్పుడు ప్రతి ఇంటి గోడకూ ఉంది. కాకపోతే అందులో దుమ్ము, పాచి కలుస్తాయి. మొదటి బకెట్టు మొక్కలకు పోసి, తరువాతిది కాఫీ ఫిల్టరు కాగితంలో వడగట్టి, ఒకసారి కాచి సీసాల్లో దాచుకుంటాను. వేసవిలో పట్టిన నీరు శీతకాలమంతా వస్తుంది. ఇన్నేళ్ళకూ నీటి అద్దం మళ్ళీ మసకబారలేదు.

నాయన పోయి అయిదేళ్ళయింది. బండి తిరుగుతున్నంతసేపూ అద్దాన్ని గోటితో ఒకసారి తట్టి నీళ్ళు ఆడుతున్నాయో లేదో చూడడం ఆయన నేర్పిన అలవాటు.

కొలువు నాడు, పాప వెళ్ళిపోయాక కూడా, బండి మరో పది చుట్లు తిరిగింది. గ్యాసు సన్నగిల్లి మంట గుప్పున ఆరింది. ఆవిరి కాసేపు బుసకొట్టి ఊరుకుంది. తట్టి చూశాను. అద్దంలో ఇంకా వేలెడు నీరు ఉంది.